ఇంటూ మార్కు లేని అద్దం

పోలీసును తన్నినవాడు అనగానే మనకు కండలు తిరిగిన మనిషి, ఎర్రటి కళ్లు, బుర్ర మీసాలు గుర్తొస్తాయి. మన అద్దాలాయనలో ఇవేవీ లేవు. మనిషి బక్కపలచన. మీసం ఉందంటే ఉంది, లేదంటే లేదు. పక్కింటివాళ్లు తలుపు గట్టిగా వేసినా ఉలిక్కిపడే రకం. అలాంటివాడు పట్టపగలు, నడిబజార్లో, ఊరంతా చూస్తుండగా యూనిఫారంలో ఉన్న హెడ్డుగారిని పొట్ట మీద తన్నాడు. తన్నినవాడు అయ్యో అని కూడా అనకుండా, వెనక్కి తిరిగైనా చూడకుండా తన దారిన తాను నడిచి వెళ్లిపోయాడు. కింది కోర్టు ఆరు నెలల జైలు వేసింది. తక్కువే వేసిందని అన్నవాళ్లూ ఉన్నారు.

ఆయన పని కిటికీలకూ షాపులకూ అద్దాలు కోసి బిగించడం. పెళ్లయిన కొత్తలో ఒకరోజు పనివాడు రాకపోతే, భార్య వచ్చి అద్దానికి రెండో కొస పట్టుకుంది. ఆ పట్టుకోవడం పట్టుకోవడం ఇరవై ఏళ్లయింది, ఇంకా వదల్లేదు. అద్దాలావిడ అని ఆవిడకూ పేరొచ్చింది.

అద్దం మోసేవాళ్లకు కొన్ని పద్ధతులుంటాయి. ముందు కొస పట్టుకున్నవాళ్లు నడవాలి, మాట్లాడకూడదు. వెనక కొస పట్టుకున్నవాళ్లు దారి చెబుతారు: గుంట, గట్టు, కుక్క, ఆగు. ఈయన ముందు, ఆవిడ వెనక. అంచేత మోసినంతసేపూ ఆవిడ చెబుతుంది, ఆయన వింటాడు. అద్దం దించాక కూడా ఈ ఏర్పాటులో పెద్ద మార్పేమీ ఉండదని ఇరుగుపొరుగు నవ్వుకుంటారు. ఇంకో పద్ధతి, ఎత్తిన అద్దాన్ని ఫ్రేములో నిలబెట్టేదాకా మధ్యలో దించకూడదు. ఆకాశం విరిగి మీద పడినా సరే, ముందు అద్దం, తర్వాతే ఆకాశం సంగతి. రెండు చేతులూ అద్దం పాలవుతాయి కాబట్టి అడ్డొచ్చేవాళ్లకు మిగిలేవి కాళ్లే. వీధికుక్కల్ని, తాగి తూలేవాళ్లని, ఫోను చూసుకుంటూ నడిచేవాళ్లని అద్దాలాయన ఆ ఇరవై ఏళ్లూ మోకాలితోనో పాదంతోనో పక్కకు నెడుతూనే ఉన్నాడు. ఆయన మనసులో అది తన్నడం కాదు, దారి చేసుకోవడం.

ఇక అసలైన పద్ధతి ఒకటుంది. వీధిలోకి తెచ్చే ముందు అద్దం మీద సుద్దతో పెద్ద ఇంటూ మార్కు వేయాలి. అక్కడ అద్దముందని పదిమందికీ తెలియాలి గదా. ఊళ్లో అద్దాల పని చేసేవాళ్లంతా వేస్తారు, ఈ మహానుభావుడు తప్ప. తళతళలాడేలా తుడిచిన అద్దం మీద సుద్దగీత గీయాలంటే ఆయనకు చేతులు రావు. అద్దం ఉందో లేదో తెలియకపోవడమే పనితనం అంటాడు. ఏదో ఒకరోజు కొంప మునుగుతుందని ఆవిడ నెత్తీ నోరూ బాదుకునేది. మిగతా అన్ని మాటలూ వినే మనిషి ఈ ఒక్క మాట మాత్రం ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసేవాడు.

ఏదో ఒకరోజు రానే వచ్చింది. చెప్పుల షాపు ముందు భాగానికి మంచమంత అద్దం మోసుకుని ఇద్దరూ బజార్లో వెళుతున్నారు. నీడపట్టున ఒకాయన అద్దం పక్కనే నడుస్తూ అందులో చూసుకుని క్రాపు దువ్వుకున్నాడు. అద్దం కనబడితే చాలు, సింగారాలు మొదలెడతారు జనం. అద్దాలాయనకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ మాట్లాడకూడదు గదా, దిగమింగుకున్నాడు. సరిగ్గా అప్పుడే గొడుగుల దొంగ ఒకడు చంకలో గొడుగులతో వీళ్ల ముందునుంచి రోడ్డు దాటి సందులోకి దూరాడు. వాడి వెనక హెడ్డుగారు. పరుగెత్తడం అలవాటు తప్పిన శరీరం ఒకసారి పరుగందుకుందంటే ఆపడం దాని చేతుల్లో ఉండదు. హెడ్డుగారు తిన్నగా అద్దం మీదికే వస్తున్నారు.

వెనకనుంచి ఆవిడ ఎప్పటిలాగే, గొంతు పెంచకుండా చెప్పింది. "గుంట. గట్టు. హెడ్డుగారు."

అద్దాలాయన గుంట దాటాడు, గట్టెక్కాడు, హెడ్డుగారిని తన్నాడు.

హెడ్డుగారు వెళ్లి టొమాటోల బుట్టలో కూర్చున్నారు. బజారంతా ఒక్క క్షణం నోరు తెరిచి, తర్వాత పగలబడి నవ్వింది. మొగుడూ పెళ్లాలు మాత్రం ఆగలేదు. చెప్పుల షాపుకు వెళ్లి, అద్దం నిలబెట్టి, చుట్టూ పుట్టీ పెట్టి, ఆరేదాకా కూర్చుని, మళ్లీ ఒకసారి తుడిచి, సామాన్లు సర్దుకుని అప్పుడు తీరిగ్గా వెనక్కి వచ్చారు. హెడ్డుగారికి దెబ్బ ఏమైనా తగిలిందా అని అడగడానికి. హెడ్డుగారు అక్కడే ఉన్నారు. ముందూ వెనకా ఎర్రగా ఉన్నారు. తొక్కలు అంటిన చేత్తోనే బేడీలు తీశారు.

కేసు కింది కోర్టుకు వచ్చింది. టొమాటోలావిడ సాక్ష్యం చెప్పింది, ఉన్నదున్నట్టే. ఇద్దరూ చేతులు గాల్లో పెట్టుకుని నాట్యం చేసేవాళ్లలా వచ్చారని, చేతుల్లో ఏమీ లేదని, మగమనిషి కాలెత్తి తన్నాడని. గడియారాల షాపు వాళ్ల కెమెరాలో పడిన బొమ్మ వేసి చూశారు. అందులోనూ అంతే. వీధంతా కనిపిస్తోంది గానీ అద్దం లేదు. చెప్పుల షాపు యజమానిని పిలిస్తే, పోలీసుల గొడవ మనకెందుకనుకున్నాడో ఏమో, ఆ అద్దం ఎప్పుడు బిగించారో గుర్తులేదన్నాడు. అద్దముందని మర్చిపోయి తానే రెండుసార్లు తల కొట్టుకున్నానని మాత్రం ఒప్పుకున్నాడు.

అక్కడికీ బయటపడేవాడేమో. చిన్న జడ్జిగారు అద్దాలాయన్నే అడిగారు, ఎందుకు తన్నావని.

"అద్దం పగుల్తుందనండి."

"అంటే మనిషికంటే అద్దం ఎక్కువా నీకు?"

అద్దాలాయన కాసేపు ఆలోచించాడు. ఆ ఆలోచించడమే తప్పు. ఆలోచించి చెప్పింది ఇంకా తప్పు. "అది చాలా పెద్ద అద్దమండి" అన్నాడు.

మళ్లీ అలాంటి పరిస్థితే వస్తే ఏం చేస్తావని అడిగితే, మళ్లీ తన్నుతానన్నాడు. ఆవిడ వెనక బెంచీ మీద కూర్చుని రెండు చేతుల్తో ముఖం కప్పుకుంది. ఆరు నెలలు పడింది. పై కోర్టులో అప్పీలు తేలేదాకా బెయిలిచ్చి ఇంటికి పంపారు.

ఇంట్లో ఆ రాత్రి ఎవరూ అన్నం ముట్టలేదు. జైలు ఎలా ఉంటుందన్నది కాదు ఆయన బెంగ. తను లోపలుంటే రెండో కొస ఎవరు పట్టుకుంటారు? అద్దాల పని ఒక్కరు చేసేది కాదు. ఆవిడ ధైర్యంగా, తమ్ముణ్ణి పట్టుకోమంటాలే అంది. మర్నాడే బావమరిదిని పిలిచి, ఒక మామూలు కిటికీ అద్దం ఇచ్చి, వీధి చివరిదాకా నడిచి రమ్మన్నారు. బావమరిది మంచివాడు, పదిమందికీ కావలసినవాడు. అదే వచ్చిన చిక్కు. దారంతా కబుర్లు చెబుతూ నడిచాడు. ఎదురుగా స్నేహితుడెవరో కనిపించి చెయ్యెత్తితే, మర్యాదగా తనూ చెయ్యెత్తాడు. ఆవిడ ముక్కలు ఊడ్చి చెత్తబుట్టలో పోసి, లోపలికి వచ్చి గోడవైపు తిరిగి కూర్చుంది.

"బావా, నాదేం లేదు, అదే జారిపోయింది" అన్నాడు బావమరిది గుమ్మంలో నిలబడి. అతన్ని తిట్టడానికి కూడా ఎవరికీ ఓపిక లేకపోయింది.

ఆవిడ అట్లా కూర్చుంటే అద్దాలాయనకు తిట్టినా బావుండుననిపించింది. దగ్గరకు వెళ్లి, ఆరు నెలలెంతలో గడుస్తాయి అని ఏదో అనబోయాడు. ఆవిడ ఇటు తిరిగి, మరీ మెల్లగా అడిగింది.

"ఒక్క సంగతి నిజం చెప్పయ్యా. ఆరోజు నువ్వు కాపాడింది అద్దాన్నా, ఆ మనిషినా?"

ఏం చెప్పాలో తెలియలేదు. నిజంగా తెలియలేదు. కాలు దానంతట అదే లేచింది. ఆ కాలు ఏమనుకుందో కాలునే అడగాలి. ఎదురొచ్చిన మనిషిని, కిందపడ్డాక కూడా పలకరించకుండా వదిలేసి వచ్చామన్న బాధ ఆవిడకు మొదట్నుంచీ ఉంది. పద్ధతి ప్రకారం ఆగమని చెప్పవలసింది వెనక కొసే. చెప్పనిది తనే.

పై కోర్టులో వాదించడానికి ఒక లాయరమ్మ దొరికింది. వయసులో చిన్నది, మాటలో పదును. కాగితాలన్నీ చదివి తల పట్టుకుంది. వాదించే సంగతి నేను చూసుకుంటాను, నువ్వు నోరు విప్పి రెండు ముక్కలే చెప్పు అంది: తప్పయిపోయింది, ఇంకెప్పుడూ చెయ్యను. ఇంకొక షరతు కూడా పెట్టింది. కోర్టులో హెడ్డుగారి దరిదాపుల్లోకి పోకూడదు, నీ చొక్కా అంచు కూడా ఆయనకు తగలకూడదు అని. అద్దాలాయన రోజూ పొద్దున్నే పళ్లు తోముకుంటూ ఆ రెండు ముక్కలూ వల్లె వేశాడు. తప్పయిపోయింది అనేది బాగానే వచ్చేది. ఇంకెప్పుడూ చెయ్యను అనేసరికి నోట్లో నురగ అడ్డం వచ్చేది.

వాయిదా రోజున ఇద్దరూ పెందలాడే వెళ్లారు. పై కోర్టు హాలుకు ఎత్తయిన అద్దాల తలుపు. రెండు రెక్కల్లో ఒకటి తీసి ఉంచారు. రెండోది ఎప్పుడో గొళ్లెం బిగుసుకుపోయి కదలదు. దాని మీద ఎన్నేళ్ల నుంచి ఎంతమంది కక్షిదారులు చేతులానించి దిగులుపడ్డారో, మురికిపట్టి గోడలా ఉంది. కేసు పిలిచేదాకా ఆ తలుపు పక్కనే నిలబడమన్నారు. కోర్టు బంట్రోతు టేబులు మీద ఒక తడిగుడ్డ కూడా ఉంది. ఇక చెప్పేదేముంది? భయమేస్తే కొందరు గోళ్లు కొరుకుతారు, కొందరు దేవుణ్ణి తలుచుకుంటారు. మన ఆయన తుడిచాడు. పైనుంచి కిందికి, మూలల్లో వేలుపెట్టి, ఆవిరి ఊది మరీ తుడిచాడు. బంట్రోతు చూసి, పోనీలే పాపం అని ఊరుకున్నాడు. కాసేపటికి రెండో రెక్క కూడా తీసే ఉన్నట్టు కనబడసాగింది. ఆవిడ చూసి, సుద్దముక్క ఏదైనా ఉందేమోనని చుట్టూ వెతికింది. ఇంతలో కేసు పిలిచారు.

పెద్ద జడ్జిగారు నెమ్మదస్తుడు. లాయరమ్మ అద్దం ఉందని వాదించింది. ప్రభుత్వ లాయరు, ఉంటే చూపించండి అన్నాడు. ఆయన మాటలో తప్పేముంది, పాపం. జడ్జిగారు కళ్లజోడు తుడుచుకుని అద్దాలాయన్ని అడిగారు, నువ్వేమైనా చెప్పుకుంటావా అని. అద్దాలాయన తలుపు దగ్గర, హెడ్డుగారికి వీలైనంత దూరంగా, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. భార్య వంక ఒకసారి చూశాడు. ఆవిడ తల ఊపింది.

"తప్పయిపోయిందండి. ఇంకెప్పుడూ చెయ్యనండి."

లాయరమ్మ ఊపిరి పీల్చుకుంది. జడ్జిగారు కలం తీశారు. శిక్ష తగ్గిస్తారని హాల్లో అందరికీ తెలిసిపోయింది. తగ్గించినా ఎంతోకొంత జైలు తప్పదనీ తెలిసిపోయింది.

అప్పుడు హెడ్డుగారి జేబులో ఫోను మోగింది. ఏదో పెళ్లి ఊరేగింపు బ్యాండులాంటి పాట, పెద్ద గొంతుతో. జడ్జిగారు కలం ఆపి తలెత్తారు. హెడ్డుగారికి ముచ్చెమటలు పోశాయి. నొక్కినకొద్దీ పాట పెరిగింది తప్ప ఆగలేదు. చేసేది లేక జేబు అదుముకుని, తల వంచుకుని, బయటకు పరుగందుకున్నారు. తీసి ఉన్న రెక్క కుడివైపు ఉంది. ఆయన ఎడమవైపు దానిలోకి పోతున్నారు.

అద్దాలాయన చూశాడు. వెనకనుంచి గుంట, గట్టు అని చెప్పే గొంతు లేదు. చేతుల్లో అద్దం లేదు. తను ఇప్పుడే, ఈ నోటితోనే, ఇంకెప్పుడూ చెయ్యనన్నాడు. ఆరు నెలలు, గోడవైపు తిరిగి కూర్చున్న ఆవిడ, చెత్తబుట్టలో గాజుముక్కలు, అన్నీ కళ్లముందు తిరిగాయి. కదలకపోతే బతికిపోతాడు. అంతా తెలిసే, ఒక్క గంతు వేసి, రెండు చేతుల్తో హెడ్డుగారి నడుం పట్టుకుని పక్కకు పడేశాడు. ఇద్దరూ కలిసి బెంచీ కింద పడ్డారు. ఫోను ఇంకా మోగుతూనే ఉంది.

హాల్లో చీమ చిటుక్కుమంటే వినబడేటంత నిశ్శబ్దం. అంటే, ఆ బ్యాండు పాట పోగా. లాయరమ్మ చేతిలో కాగితాలు జారి కిందపడ్డాయి. వాటిని ఏరుకునే ప్రయత్నం కూడా చేయలేదు. ప్రభుత్వ లాయరు ముఖం చేటంత అయింది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి, జడ్జిగారి కళ్లముందే చేశాడన్నాడు. హెడ్డుగారు లేచి, టోపీ వెతుక్కుని, కోపంగా, బయటకు పోయే మనిషిని ఎందుకు పడేశాడో అడగండి సార్ అంటూ తలుపువైపు చెయ్యి విసిరారు.

వేలు అద్దానికి తగిలి టక్కుమంది.

హెడ్డుగారు చెయ్యి వెనక్కి లాక్కుని వేలి వంక చూసుకున్నారు. మళ్లీ మెల్లగా చాచి, అరచెయ్యి ఆనించారు. ఆనింది. ఆ అరచెయ్యి అచ్చు అద్దం మీద పడింది. అది చూసి అద్దాలాయన, బెంచీ కిందనుంచే, ఇబ్బందిగా మొహం పెట్టాడు.

ప్రభుత్వ లాయరు మాత్రం పట్టు వదల్లేదు. అద్దాన్ని కాపాడుకోవడమే ఈయన అలవాటు, కింది కోర్టులో తనే ఒప్పుకున్నాడు, ఇవాళ చేసిందీ అదే అన్నాడు. జడ్జిగారు అద్దాలాయన్ని లేచి నిలబడమని, అద్దం కోసమేనా అని అడిగారు.

"ఈ అద్దం నాది కాదండి" అన్నాడు అద్దాలాయన. ఆ మాట అన్నాకే దాని అర్థం తనకు తెలిసింది. బెంచీల వైపు తిరిగి, జడ్జిగారికి కాక భార్యకు చెప్పాడు. "నేను కాపాడింది మనిషినేనే. అప్పుడూ మనిషినే."

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆ చెయ్యి తీస్తేగాని తెలియదు. తియ్యలేదు.

జడ్జిగారు కెమెరా బొమ్మ మళ్లీ ఒకసారి వెయ్యమన్నారు. అంతకుముందు అందరూ కాలునే చూశారు. ఈసారి ఆయన కాలుని వదిలేసి మిగతాదంతా చూశారు. చూస్తూ చూస్తూ ఒకచోట ఆపమన్నారు. వీధిలో మొగుడూ పెళ్లాలకు నడుమ, వట్టి గాలిలోకి తొంగి చూస్తూ, ఒక పెద్దమనిషి ఎంతో శ్రద్ధగా క్రాపు దువ్వుకుంటున్నాడు. ఒకవైపు దువ్వుకుని, నచ్చక, రెండోవైపు తిప్పుకుని మళ్లీ దువ్వుకున్నాడు. జడ్జిగారి పెదవులు వణికాయి. నీళ్లు తెప్పించుకుని తాగి, గొంతు సవరించుకుని, శిక్ష రద్దు చేస్తున్నానన్నారు. ఇరవై ఏళ్లుగా అద్దాలాయన తిట్టుకుంటున్న సింగారాలరాయుడే చివరికి ఆయన్ని ఒడ్డున పడేశాడు.

అయితే జడ్జిగారు ఊరికే వదల్లేదు. ఇకమీదట ఇంటూ మార్కు లేకుండా అద్దం వీధిలోకి తెచ్చావంటే నేనే లోపల వేస్తాను అన్నారు. అద్దాలాయన తలాడించాడు. మర్నాడు అద్దం మూలన, చీమ కంటికి కూడా ఆననంత ఇంటూ మార్కు వేశాడు. ఆవిడ సుద్ద తీసుకుని ఈ చివరనుంచి ఆ చివరికి, కుర్చీ ఎక్కి మరీ, రెండు గీతలు గీసింది. ఆయనకు ప్రాణం ఉసూరుమంది గానీ, అవతలి కొసన ఆవిడ ఉందన్న సంతోషంలో దాన్ని కూడా ఓర్చుకున్నాడు.

హెడ్డుగారితో ఆ తర్వాత మాటలు కలిశాయని చెప్పలేను, పగ ఉందనీ చెప్పలేను. కొన్నాళ్లకు ఒక సాయంత్రం మొగుడూ పెళ్లాలు కూరగాయలకు బయల్దేరారు. ఇరవై ఏళ్ల అలవాటు గదా, చేతుల్లో ఏమీ లేకపోయినా ఆయన ముందు, ఆవిడ వెనక, నడుమ అద్దమంత ఎడం ఉంచుకునే నడుస్తారు. బజార్లో హెడ్డుగారు ఎదురయ్యారు. ఠక్కున ఆగిపోయారు. రెండు చేతులూ చాచి, వెనకొచ్చే సైకిళ్లనూ బళ్లనూ జనాన్నీ ఆపేశారు.

"ఖాళీ చేతులేనండి, మీరు పొండి" అన్నాడు అద్దాలాయన.

"నువ్వట్లాగే అంటావు" అన్నారు హెడ్డుగారు, చేతులు దించకుండా. "ముందు మీరు దాటండి."

వెనక బళ్లవాళ్లు హారన్లు కొడుతున్నారు. ఆ మనిషిని నలుగురిలో ఇంకోసారి నవ్వులపాలు చెయ్యడం ఇద్దరికీ ఇష్టం లేకపోయింది. ఆయన వెనక్కి చూశాడు. ఆవిడ అప్పటికే సంచి మోచేతికి తగిలించుకుని, రెండు చేతులూ గాల్లోకి ఎత్తి పట్టుకుని ఉంది. ఆయన కూడా తన కొస అందుకున్నాడు. హెడ్డుగారి ముందునుంచి లేని అద్దాన్ని జాగ్రత్తగా మోసుకుంటూ ఇద్దరూ రోడ్డు దాటారు.

"గుంట" అంది ఆవిడ వెనకనుంచి. "గట్టు."